చెరబండరాజు: కేక నుండి పాట దాకా

కవి కోపానికి సాహిత్యంలో రెండు రూపాలు కనిపిస్తాయి. ఒకటి కేక, రెండవది పాట. కేక నిద్రపోతున్నవానిని ఉలిక్కిపడేటట్లు చేస్తుంది. అయితే లేచినవాడు మళ్ళీ పడుకొనవచ్చు. పాట అట్లా కాదు. అది విన్నవాని నోటికి ఎక్కి, వాని వెంట పొలానికి, పనికి, సంతకు నడిచిపోతుంది. కేకతో ప్రారంభించి పాటను చేరుకొన్న కవులు ఆధునికాంధ్ర సాహిత్యంలో అరుదు. అట్టివారిలో చెరబండరాజు ముఖ్యుడు. నలుబది సంవత్సరాలైనా నిండని ఆయన జీవితంలో కవితావ్యవసాయానికి దక్కిన కాలం పట్టుమని రెండు దశాబ్దాలైనా లేదు. ఆ స్వల్పకాలంలోనే ఆయన తెలుగు కవిత్వంలో ఒక సంచలనానికి కారకులైన ఆరుగురిలో ఒకడుగా నిలిచాడు. పిమ్మట ఆ సంచలనాన్ని దాటి ముందుకు పోయాడు. ఆయన గొప్పదనం సంచలనంలో కంటె, దానిని దాటి పోవడంలోనే ఎక్కువగా ఉంది.

చెరబండరాజు అసలు పేరు బద్దం భాస్కరరెడ్డి. హైదరాబాదు నగరానికి తూర్పున ఘట్‌కేసర్ ప్రాంతంలోని అంకుశాపూర్ గ్రామంలో 1944లో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. అప్పటికి తెలంగాణ నిజాము ఏలుబడిలో ఉంది. ఆయన రెండేళ్ళ బిడ్డగా ఉన్న 1946లో తెలంగాణ రైతాంగ సాయుధపోరాటం రాజుకొన్నది. 1948 సెప్టెంబరులో నిజాము పాలన అంతమైంది. పోరాటం 1951 దాకా సాగింది. ఆ రోజులలో సుద్దాల హనుమంతు, బండి యాదగిరి మొదలైనవారు కట్టిన పాటలు పల్లె పల్లెకు ప్రాకాయి. చదువురాని జనం వాటిని నోటనే నేర్చి, నోటనే భద్రపరచుకొన్నారు. చెరబండరాజు తరం పిల్లలు పెరిగిన నేల అటువంటిది. ఈ సంగతి ఆయన తుదిదశ రచనలను అర్థం చేసుకొనడానికి అవసరం. కవిగా ఎంత దూరం తిరిగినా ఆయన చివరకు చేరుకొన్నది ఆ నేల మీది గొంతునే.

ఆయన తెలుగు చదివి, ఉపాధ్యాయవృత్తి స్వీకరించాడు. బడిపంతులుతనం ఆయనకు పల్లెను, నగరాన్ని ఒకేసారి చూపింది. పాఠ్యపుస్తకంలోని దేశం వేరు, పుస్తకం కొనలేని పిల్లవాని ఇంటిలోని దేశం వేరు అన్న ఎరుక ఏ ఉపాధ్యాయునికైనా కలిగేదే. పలువురు ఆ ఎరుకను నిట్టూర్పుతో సరిపెట్టుకొంటారు. చెరబండరాజు దానిని కవిత్వం చేశాడు.

ఆయన కలం పట్టిన నాటి సాహిత్య వాతావరణాన్ని ఒకింత పరిశీలించాలి. శ్రీశ్రీ మహాప్రస్థానం గ్రంథరూపంలో వెలువడింది 1950లో. ఆ తరువాతి కొద్దికాలానికే అభ్యుదయ కవిత్వోద్యమం ఉడిగింది. 1960 నాటికి కవిసమ్మేళనాలకు, సన్మానాలకు కొదువ లేదు గాని కవిత్వంలో వేడి చల్లారింది. దేశం సంగతి చూస్తే 1962లో చైనాతో యుద్ధం, 1964లో నెహ్రూ మరణం, 1965లో పాకిస్తానుతో యుద్ధం, ఆ వెంటనే తీవ్రమైన ఆహారధాన్యాల కొరత ఒకదాని వెంట ఒకటి వచ్చిపడ్డాయి. స్వాతంత్ర్యం వచ్చిన నాడు పిల్లలుగా ఉన్నవారు ఇరువది యేండ్ల యువకులైనారు. వారికి వాగ్దానాలు జ్ఞాపకం ఉన్నాయి. వాటి ఫలితం కండ్లకు కనబడలేదు. అట్టి యువకులలో ఆరుగురు హైదరాబాదులో ఒక్కచోట చేరారు. వారే దిగంబర కవులు.

వారు మొట్టమొదట చేసిన పని తమ పేర్లను వదలివేయడం. మానేపల్లి హృషీకేశవరావు నగ్నముని అయినాడు. యాదవరెడ్డి నిఖిలేశ్వర్ అయినాడు. వీరవల్లి రాఘవాచార్యులు జ్వాలాముఖి అయినాడు. మన్‌మోహన్ సహాయ్ భైరవయ్య అయినాడు. కమ్మిశెట్టి వెంకటేశ్వరరావు మహాస్వప్న అయినాడు. బద్దం భాస్కరరెడ్డి చెరబండరాజు అయినాడు. రెడ్డి, రావు, ఆచార్యులు అన్న తోకలు ఒక్క వేటుతో తెగిపోయినవి. పేరు వినగానే కులాన్ని గుర్తించే అలవాటున్న సంఘంలో ఇది సామాన్యమైన సాహసం కాదు. చెరబండరాజు అన్న పేరులో చెర ఉంది, బండ ఉంది. చెర ఆయన జీవితంలో పాలు పంచుకొన్నది. బండలు పగులగొట్టేవారి పాట ఆయన పేరును నిలబెట్టింది. పేరు పెట్టుకొన్న నాడు ఎవరూ ఊహించని సార్థకత ఇది.

దిగంబర కవుల మొదటి సంపుటం 1965 మే నెలలో ఒక అర్ధరాత్రి హైదరాబాదులో ఆవిష్కృతమైంది. ఆవిష్కర్త మంత్రి కాడు, పండితుడు కాడు. నాంపల్లి పాండు అనే రిక్షాకార్మికుడు. 1966 డిసెంబరులో విజయవాడలో రెండవ సంపుటాన్ని జంగాల చిట్టి అనే హోటలు కార్మికుడు ఆవిష్కరించాడు. 1968 సెప్టెంబరులో విశాఖపట్నంలో మూడవ సంపుటాన్ని యశోదమ్మ అనే భిక్షుకి ఆవిష్కరించింది. ఆవిష్కరణసభ అంటే పూలదండ, శాలువ, ఉపన్యాసం అని అలవాటు పడిన తెలుగు పాఠకలోకం దిగ్భ్రాంతి చెందింది. అంతటితో వారు ఆగలేదు. తమ కవితలను దిక్‌లు అన్నారు. వారాలకు, ఋతువులకు, సంవత్సరాలకు సొంత పేర్లు పెట్టుకొన్నారు. మొదటి సంపుటం వెలువడిన కాలం వారి లెక్కలో నగ్ననామ సంవత్సరం. పంచాంగాన్నే మార్చివేసినవారికి ఛందస్సు ఏపాటి?

ఆ కవితలలోని భాష మీద ఆనాడు పెద్ద దుమారం రేగింది. కొందరు బూతు అన్నారు. కొందరు కవిత్వమే కాదన్నారు. మరికొందరు సంఘం కుళ్ళిపోయినప్పుడు శస్త్రవైద్యుని కత్తికి మెరుగు లేదని వంక పెట్టరాదని సమర్థించారు. వంగదేశంలో 1961 నుండి సాగిన హంగ్రీ కవుల ఉద్యమంతోను, అమెరికాలోని బీట్ కవులతోను పోల్చినవారు కూడ ఉన్నారు. నేటి పాఠకుడు నిష్పక్షపాతంగా ఆ మూడు సంపుటాలను చదివితే రెండు విషయాలు తోస్తాయి. ఆ ఆగ్రహంలో కపటం లేదు. అయితే ఆ ఆగ్రహం చేరవలసిన చోటు ఏదో ఇంకా తేలలేదు. స్త్రీ శరీరాన్ని తిట్టుగా, పోలికగా వాడుకొన్న పద్ధతి నేడు చాలామందికి రుచించదు. రుచించకపోవడం న్యాయమే. రిక్షా త్రొక్కేవాడు పుస్తకాన్ని ఆవిష్కరించాడు సరే, కాని ఆ పుస్తకాన్ని చదివింది మాత్రం కళాశాలలలోని వారు, పత్రికలు కొనేవారు. ఈ వైరుద్ధ్యం చెరబండరాజును తక్కినవారికంటె లోతుగా బాధించిందని ఆయన తరువాతి నడక చెబుతుంది.

ఇటువంటి యువజనాగ్రహం ఒక్క తెలుగు దేశానికే పరిమితం కాదు. దిగంబర కవులు వెలువడిన పదిహేనేండ్ల పిమ్మట అమెరికాలో ఇంచుమించు ఇదే తీరు ఘట్టం సంగీతరంగంలో జరిగింది. దానికి హార్డ్‌కోర్ పంక్ అని పేరు. లాస్ ఏంజిల్స్‌లో బ్లాక్ ఫ్లాగ్, జెర్మ్స్, సర్కిల్ జెర్క్స్ అనే బృందాలు, వాషింగ్టన్‌లో బాడ్ బ్రెయిన్స్, మైనర్ థ్రెట్ అనే బృందాలు పుట్టాయి. గాయకులు మీసం రాని కుర్రవాళ్ళు. పాట నిడివి తరచు రెండు నిమిషాలకు మించదు. సంగీతం మెత్తనిది కాదు, గొంతు చించుకొని అరచేది. పెద్ద కంపెనీలు తమ మొగం చూడవని తెలిసి, వాషింగ్టన్ కుర్రవాళ్ళు 1980లో డిస్కార్డ్ అనే సొంత సంస్థను నెలకొల్పి తమ రికార్డులను తామే వేసుకొన్నారు. అట్టలను తామే మడిచి అంటించుకొన్నారు. వారిలోనూ పేర్లు మార్చుకొన్నవారు ఉన్నారు. జెర్మ్స్ బృందపు గాయకుడు జాన్ పాల్ బీమ్ డార్బీ క్రాష్ అనే పేరుతో ప్రసిద్ధుడై, 1980 డిసెంబరులో ఇరువది రెండేండ్లకే మరణించాడు.

ఆ కుర్రవాళ్ళకు ఒక అదృష్టం పట్టింది. పెనెలోపీ స్ఫీరిస్ అనే దర్శకురాలు 1979, 1980 సంవత్సరాలలో కెమెరా భుజాన వేసుకొని లాస్ ఏంజిల్స్ గానశాలలలో తిరిగి, వారి పాటలను, వారి ఇరుకు గదులను, వారి మాటలను ఒక డాక్యుమెంటరీగా చిత్రీకరించింది. పాశ్చాత్య నాగరికతా పతనం అని అర్థం వచ్చే పేరుతో ఆ చిత్రం 1981లో విడుదలైంది. 2006లో అమెరికన్ హార్డ్‌కోర్ అనే మరొక డాక్యుమెంటరీ ఆ ఉద్యమచరిత్రను తిరిగి చెప్పింది. మన అర్ధరాత్రి సభలను అట్లా పట్టి ఉంచిన చిత్రం ఏదీ నేటి విద్యార్థి చేతికి అందదు. రిక్షాకార్మికుడు పుస్తకం పైకెత్తి చూపిన ఆ క్షణాన్ని మనం అక్షరాలలో చదువుకొని ఊహించుకోవలసిందే. పోలిక ఇంతవరకే. అక్కడి కుర్రవాళ్ళు మొదటినుండి గాయకులు. ఇక్కడి చెరబండరాజు పుస్తకకవిగా పుట్టి, గాయకుల చేతికి పాట అందించేవాడుగా మారవలసి వచ్చింది. ఆ మార్పే ఆయన జీవితకథ.

దిగంబర దశలోనే చెరబండరాజు గొంతులో ఒక ప్రత్యేకత వినిపిస్తుంది. ఆయన వ్రాసిన వందేమాతరం అనే కవిత అందుకు నిదర్శనం. బంకించంద్రుని గీతం దేశమాతను సస్యశ్యామలగా కీర్తించింది. చెరబండరాజు అదే పేరు పెట్టి, ఆకలితో, అవమానంతో, పరుల పాలైన సంపదతో నలిగిన తల్లిని చూపాడు. అది దేశద్వేషమని నిందించినవారు ఉన్నారు. తల్లిని దూషించే కుమారునికి, తల్లి దుస్థితి చూచి గుండెలు బాదుకొనే కుమారునికి భేదం ఉంది. ఆ కవిత చదివినవారికి ఇందులోని వాడు రెండవ కుమారుడని తెలియక మానదు. విద్వేషంతో వ్రాసిన మాట కొన్నాళ్ళకు చప్పబడుతుంది. అర్ధశతాబ్ది గడిచినా ఆ కవిత చర్చలలో నిలిచి ఉండడానికి అందులోని మమకారమే కారణం.

1967లో నక్సల్‌బరీ రైతుల తిరుగుబాటు, అదే సంవత్సరం శ్రీకాకుళం మన్యంలో గిరిజనుల పోరాటం దేశాన్ని కుదిపివేశాయి. శ్రీకాకుళంలో సుబ్బారావు పాణిగ్రాహి అనే కవి జముకులకథను చేపట్టి, గిరిజనులకు తెలిసిన బాణీలో వారి కష్టాన్ని చెప్పి, వారి వెంటనే నడిచి, 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో ప్రాణం కోల్పోయాడు. నగరంలో అర్ధరాత్రి పుస్తకాలు ఆవిష్కరించిన యువకవులకు ఈ వార్త ఒక ప్రశ్నవలె తగిలింది. 1970 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో శ్రీశ్రీ షష్టిపూర్తి సందర్భాన విద్యార్థులు రచయితలను నిలదీస్తూ కరపత్రం పంచారు. అదే యేడు జూలై 4న హైదరాబాదులో శ్రీశ్రీ అధ్యక్షుడుగా విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. ఆరుగురు దిగంబరులలో నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు ఈ మార్గం పట్టారు. భైరవయ్య, మహాస్వప్న పట్టలేదు. దిగంబర కవిత్వం మూడు సంపుటాలతో ముగిసింది.

ఇక్కడినుండి చెరబండరాజు యౌవనం బడికి, బందిఖానాకు నడుమ గడిచింది. 1971లో ముందుజాగ్రత్త నిర్బంధచట్టం క్రింద చెరబండరాజును, జ్వాలాముఖిని, నిఖిలేశ్వర్‌ను ప్రభుత్వం అరెస్టు చేసింది. ఉన్నత న్యాయస్థానం వారిని విడుదల చేసింది. 1973లో ఆంతరంగిక భద్రతాచట్టం క్రింద ఆయన మళ్ళీ జైలుకు పోయాడు. 1974లో సికిందరాబాదు కుట్రకేసు వచ్చింది. వరవరరావు, త్రిపురనేని మధుసూదనరావు, కె.జి. సత్యమూర్తి, ఎం.టి. ఖాన్, ఎం. రంగనాథం మొదలైన రచయితలతోపాటు చెరబండరాజు కూడ అందులో ముద్దాయి. కవితలు, పాటలు, కథలు కుట్రకు సాక్ష్యాలుగా న్యాయస్థానం ముందుకు వచ్చాయి. ప్రభుత్వం తన కవిత్వాన్ని అంత శ్రద్ధగా చదవడం ఏ కవికీ సుఖం కాదు. 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి ప్రకటించిన పిమ్మట దేశంలో మాటకే సంకెల పడింది.

ఆయన రాజకీయ విశ్వాసాలతో ఏకీభవించనివారు నాడూ ఉన్నారు, నేడూ ఉన్నారు. సాయుధమార్గం మీద భిన్నాభిప్రాయాలు సహజం. ఆ వాదంలో ఏ పక్షం వహించినవారైనా ఒక్క విషయం అంగీకరించక తప్పదు. ఆయన చేతిలో ఉన్న ఆయుధం అక్షరం. దానికి ఆయన చెల్లించిన మూల్యం స్వేచ్ఛ, ఆరోగ్యం.

ఈ నిర్బంధాల నడుమనే ఆయన రచనలో మౌలికమైన మార్పు పరిపక్వమైంది. దిక్సూచి, ముట్టడి, గమ్యం, జన్మహక్కు, గౌరమ్మ కలలు, కాంతియుద్ధం మొదలైన పుస్తకాలు ఆయన పేర వెలువడ్డాయి. మా పల్లె, ప్రస్థానం, నిప్పుల రాళ్ళు అనే నవలలు కూడ వ్రాశాడు. అన్నింటిలోను పల్లెటూరి బీదవాని జీవితమే వస్తువు. అయితే వీటన్నిటికంటె విస్తృతంగా ప్రచారం పొందినవి ఆయన పాటలు. చదవడం వచ్చినవానికే పుస్తకం చేరుతుంది. 1971 జనాభా లెక్కలనాటికి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యులు నలుగురిలో ఒకరు మాత్రమే. కవి ఎవరి పక్షాన మాట్లాడుతున్నానని అనుకొంటున్నాడో, ఆ ముగ్గురికి వచనకవిత అందని పండు. ఈ లెక్క ముందు దిగంబర కవి తలవంచి, పాట కట్టడం నేర్చుకొన్నాడు.

పాట కట్టడం వచనకవిత వ్రాయడంకంటె సులభమని కొందరి భ్రమ. వచనకవితలో అర్థం తెలియకపోతే పాఠకుడు మళ్ళీ చదువుకొనవచ్చు. పాట గాలిలో పోతూ పోతూనే అర్థం కావాలి. మాట నోటికి ఇమడాలి, ఊపిరికి సరిపోవాలి. పల్లవి ఒక్కసారి వింటే పట్టుబడాలి. చరణం ముగిసేసరికి వినేవాడే పల్లవి అందుకోవాలి. పని చేసేవారి పాటలో ఒకడు అందిస్తే పదిమంది అందుకొంటారు. బరువు ఎత్తేటప్పుడు, నాటు వేసేటప్పుడు, దంచేటప్పుడు పాట పనికి తాళం వేస్తుంది. ఈ మర్మాలన్నీ జానపదులకు తరతరాలుగా తెలుసు. చదువుకొన్న కవి మాత్రం తన పాండిత్యాన్ని కొంత మరచిపోతేనే వాటిని నేర్వగలడు.

చెరబండరాజు పాటలలో కొండలు పగలేసినం అన్నది సుప్రసిద్ధం. దాని నిర్మాణం విద్యార్థులు పరిశీలింపదగినది. పగలేసినం అన్న క్రియారూపమే తెలంగాణ పల్లె నోటిది. అందులో నేను లేడు, మేము ఉన్నాం. కవి తాను ప్రక్కకు తప్పుకొని మాటను శ్రామికులకే అప్పగించాడు. వారు తాము చేసిన పనులు ఒక్కొక్కటే చెప్పుకొంటూ పోతారు. రాళ్ళు కొట్టి ప్రాజెక్టులు కట్టినవారు, బీడు దున్ని పంట తీసినవారు, బట్ట నేసినవారు వరుసగా వచ్చి నిలబడతారు. ఎక్కడా తిట్టు లేదు. చేసిన పని లెక్క ఉంది. దాని వెంట చెమట ఒకరిది, సంపద మరొకరిది ఎట్లా అయిందన్న ప్రశ్న వస్తుంది.   దిగంబర సంపుటాలలో వందలాది పరుషపదాలు చేయలేని పని ఈ పాట ఒక్క తిట్టు లేకుండా చేసింది.

ఆ పాటకు వెనుక నిలిచిన నిజమైన నేపథ్యం కూడ గుర్తుంచుకోదగినది. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలారు. రాతికట్టడపు ఆనకట్టలలో అది ప్రపంచంలోనే మహత్తరమైన వాటిలో ఒకటి. దాని ఎత్తు సుమారు 124 మీటర్లు. అంత రాయిని కొట్టి, మోసి, పేర్చినది వేలాది స్త్రీ పురుషుల చేతులు. తలమీద తట్టలతో సారువ మెట్లు ఎక్కినవారిలో పాలమూరు కూలీలు, రాళ్ళు కొట్టడం కులవృత్తిగా గల వడ్డెరలు ఉన్నారు. కట్టడానికి నాయకుల పేర్లు ఉంటాయి, ఇంజనీర్ల పేర్లు ఉంటాయి. సమ్మెట పట్టినవాని పేరు ఎక్కడా ఉండదు. చెరబండరాజు ఆ పేరులేనివారికి పల్లవి ఇచ్చాడు.

1972లో బి. నరసింగరావు ప్రభృతుల కళాబృందం నుండి రూపొందిన జననాట్యమండలి ఇట్టి పాటలకు వేదిక అయింది. భుజాన గొంగడి, చేత డప్పు, కాలికి గజ్జెతో గాయకులు పల్లెలు తిరిగారు. తరువాతి కాలంలో గద్దర్, వంగపండు ప్రసాదరావు ఈ సంప్రదాయాన్ని దేశమంతటా ప్రసిద్ధం చేశారు. వంగపండు 2020లో, గద్దర్ 2023లో కన్నుమూశారు. రాత్రి ఒక ఊరిలో పాడిన పాట తెల్లవారేసరికి ప్రక్క ఊరికి చేరేది. ఎవరు వ్రాసినదీ తెలియకుండానే జనం నేర్చుకొనేవారు. తన పేరు మరచిపోయి పాటను మాత్రం జనం గుర్తుంచుకొంటే అంతకు మించిన కీర్తి పాటకవికి లేదు.

ఆయన మరణించిన తరువాత ఆ పాటకు హైదరాబాదు నగరమే ఒక క్రొత్త వ్యాఖ్యానం వ్రాసింది. ఆయన పుట్టిన అంకుశాపూర్ నగరానికి తూర్పున ఉంటే, పడమట కొండాపూర్ ఉంది. ఊరి పేరులోనే కొండ ఉంది. దక్కను పీఠభూమిలోని ఈ గ్రానైటు శిలలు సుమారు 250 కోట్ల సంవత్సరాల ప్రాచీనమైనవని భూగర్భశాస్త్రజ్ఞుల అంచనా. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్లు నిలిచిన ఆ గుండ్లు, వాటి నడుమ సీతాఫలపు చెట్లు, మేకల మందలు ఒకప్పటి దృశ్యం. 1998 నవంబరులో సమీపంలోని మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. హైటెక్ సిటీ అన్న పేరు స్థిరపడింది. కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం ప్రాంతాలలో అద్దాల మేడలు లేచాయి. వాటికి పునాది తీయాలంటే బండ పగలాలి. తమరు పెట్టి కొన్ని, యంత్రంతో కొన్ని, సమ్మెటతో కొన్ని పగిలాయి.

ఆ పని చేసినవారిలో పాలమూరు బిడ్డలు, శ్రీకాకుళపు బిడ్డలు, ఒడిశా నుండి, బీహారు నుండి వచ్చినవారు ఉన్నారు. మేడ పూర్తయ్యేదాకా దాని నీడన రేకుల గుడిసెలో కాపురం ఉంటారు. మేడ పూర్తి కాగానే గుడిసె విప్పుకొని మరొక మేడ దగ్గరకు పోతారు. తాము కట్టిన మేడ ద్వారం దాటి లోపలికి పోవడానికి వారి దగ్గర గుర్తింపు చీటీ ఉండదు. ఈ ప్రాంతం వేలాది యువతీయువకులకు ఉద్యోగాలు ఇచ్చిన మాట వాస్తవం. బీద కుటుంబాల పిల్లలు చదువుకొని ఆ అద్దాల గదులలో కూర్చొనడం సంతోషించదగిన మార్పు. ఆ సంతోషం పాటలోని ప్రశ్నను రద్దు చేయలేదు. ఆనకట్ట కాలంలో పుట్టిన పాట సాఫ్ట్‌వేరు కాలంలో కూడ ఒక్క మాట మార్చనక్కర లేకుండా నిలిచింది. కొండాపూర్‌లో నడిచే తెలుగు విద్యార్థికి ఆ పాట అర్థం చెప్పడానికి నిఘంటువు అవసరం లేదు. రోడ్డు ప్రక్కన మిగిలిన ఒక్క సగం పగిలిన గుండు చాలు.

చెరబండరాజు ఆయుర్దాయం మాత్రం పాటకు సరిపడినంత లేకపోయింది. మెదడులో కంతి లేచింది. శస్త్రచికిత్సలు జరిగాయి. తల మీది గాయాలతో, క్షీణిస్తున్న శరీరంతోనే ఆయన వ్రాయడం మానలేదు. వ్యాధిని కూడ ఒక నిర్బంధంగానే భావించి దానితో పెనగులాడాడు. 1982 జూలై 2న ఆయన కన్నుమూశాడు. అప్పటికి సికిందరాబాదు కుట్రకేసు ఇంకా తేలలేదు. 1989లో న్యాయస్థానం ముద్దాయిలను నిర్దోషులుగా ప్రకటించింది. ఆ తీర్పు వినడానికి చెరబండరాజు లేడు. మరణించి ఏడు సంవత్సరాలైన మనిషి నిర్దోషి అని తేలడం మన న్యాయవ్యవస్థ వ్రాసిన విషాదకావ్యం.

ఆయన రచనలన్నీ సమానమైన విలువ గలవి కావు. తొందరలో, ఉద్యమావసరం కొరకు వ్రాసినవి కొన్ని నినాదం దగ్గరే ఆగిపోయినవి. ఆ సందర్భం తెలియనివారికి నేడు అవి బోధపడవు. దిగంబర దశలోని కవితలు సాహిత్యచరిత్రలో ఒక ఘట్టంగా నిలుస్తాయి గాని, మళ్ళీ మళ్ళీ చదివించే గుణం వాటిలో కొన్నింటికే ఉంది. కవి అన్నవానికి ఇది అవమానం కాదు. నూరు పద్యాలు వ్రాసి నాలుగు మిగుల్చుకొన్నవాడే అదృష్టవంతుడు. చెరబండరాజుకు మిగిలినవి పుస్తకాలలో కంటె గొంతులలో ఎక్కువ.

ఉపాధ్యాయులకు ఈయన జీవితం ప్రత్యేకంగా చెప్పే సంగతి ఒకటి ఉంది. ఆయన బడిపంతులు. పదిమందికి అర్థమయ్యేటట్లు చెప్పడం ఆ వృత్తిధర్మం. దిగంబర దశలో ఆయన ఆ ధర్మాన్ని కొంత ప్రక్కన పెట్టి, వినేవాడు బెదిరిపోయేటట్లు అరచాడు. ఆ అరపు అవసరమైన కాలం అది. తరువాత తన కంఠాన్ని తానే పరీక్షించుకొని, ఎవరికొరకు అరుస్తున్నానో వారికే తన మాట అందడం లేదని గ్రహించి, ఇరువది ఆరేడు సంవత్సరాల వయస్సులో మళ్ళీ ఓనమాలు దిద్దుకొన్నాడు. వచ్చిన విద్యను వదలి రావలసిన విద్యను నేర్చుకొనడం పంతులుకు కష్టం, ప్రసిద్ధికెక్కిన కవికి మరీ కష్టం. ఆయన ఆ రెండు కష్టాలను ఓర్చాడు. అందువల్లనే నేడు ఆయన పేరు వినని కూలివాడు సైతం ఆయన పల్లవిని అందుకొనగలడు.